బెంచి గుమాస్తా కళ్ళద్దాలు

స్టెనోగారు పెన్సిలు చెక్కుకుని, నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన టైము వేసుకుంది. తొమ్మిదీ ముప్ఫై అయిదు.

ఇరవై ఆరేళ్ళు కోర్టులో స్టెనోగ్రాఫరుగా పనిచేసిన మనిషి ఆవిడ. బోనెక్కినవాళ్ళు చెప్పే నిజాలనీ అబద్ధాలనీ ఒకే వేగంతో రాసి రాసి, ఏది ఏదో చెవికే తెలిసిపోవడం మొదలయ్యాక ఉద్యోగం వదిలేసి, వకీళ్ళకి ఆరాలు తీసిపెట్టే పనిలో దిగింది. డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకోమని అందరూ చెప్పారు. బోర్డు చూస్తే జనం నోరు కట్టేసుకుంటారని ఆవిడ పెట్టుకోలేదు. స్టెనో అంటే ఎవరికీ భయం ఉండదు కదా.

ఎదురుగా ప్లీడరమ్మ కూర్చుంది, ఆఫీసు ఆవిడదే. వయసులో స్టెనోగారికి కూతురంత ఉంటుంది గానీ చట్టం దగ్గర మాత్రం ఎవరి మాటా వినదు. బల్లకి ఇటుపక్క ఇద్దరు అక్కచెల్లెళ్ళు. చెల్లెలు వాచీలు బాగుచేస్తుంది. బజారులో ఆవిణ్ణి గడియారాలమ్మాయి అంటారు. అక్క మొక్కల నర్సరీ నడుపుతుంది. గోళ్ళ సందుల్లో ఇంకా మట్టి ఉంది. ఇద్దరి మొహాలూ ఒకే అచ్చు. కాకపోతే అక్క పదేళ్ళు ముందు పుట్టింది.

బల్లమీద కోర్టు డిక్రీ నకలు ఉంది. ఇద్దరి ఇష్టప్రకారం విడాకులు మంజూరు అని మొదటి పేజీ చెబుతోంది. పాప పెంపకం పూర్తిగా తండ్రికి అని రెండో పేజీ చెబుతోంది. దానికి జతగా తండ్రి పంపిన ఉత్తరం ఇంకొకటి. తాను వేరే ఊరికి మారుతున్నాననీ, ఇవాళ సాయంత్రం నాలుగింటికి బడి వదలగానే పాపని తీసుకెళ్ళిపోతాననీ అందులో ఉంది.

"ఈ డిక్రీ ఎప్పుడు చూశావమ్మా?" అంది స్టెనోగారు.

"మూడు రోజుల కిందట. పోస్టులో వచ్చిందండీ."

"పద్నాలుగో తారీకు పదకొండూ ఇరవైకి కోర్టుకెళ్ళి, జడ్జిగారి ముందు నిలబడి, ఇదంతా నాకిష్టమే అని సంతకం పెట్టావని ఇందులో ఉంది."

"నేను వెళ్ళలేదండీ. నా బిడ్డ మీద ఒట్టు."

"ఒట్లు పక్కన పెట్టు. అసలు కోర్టుకి ఎన్నిసార్లు వెళ్ళావు?"

"ఒక్కసారి. ఏడు నెలలైంది. పాప నా దగ్గరే ఉండేట్టు రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. అయిపోయిందనుకున్నాను."

ప్లీడరమ్మ నుదురు రుద్దుకుంది. "విడాకులంటే ఒక్క సంతకం కాదమ్మా. ఇద్దరూ ఒప్పుకుని వేసుకున్నా రెండు విడతలుంటాయి. మొదటి విడతలో విడిపోతామని చెబుతారు. తర్వాత ఆరునెలలు ఆగమంటుంది కోర్టు. కోపంలో పెట్టిన సంతకమేమో, మనసు మారుతుందేమో అని. ఆ తర్వాత ఇద్దరూ మళ్ళీ రావాలి, జడ్జిగారు ఇద్దర్నీ మొహమ్మీద అడగాలి. ఈలోగా ఒక్కరు వద్దన్నా అక్కడితో ఆగిపోతుంది."

"నాకిదెవరూ చెప్పలేదండీ. కాగితం ఇంటికొస్తుందన్నాడు సులువుగారు."

సులువుగారి పేరు వినగానే స్టెనోగారి పెన్సిలు మొన విరిగింది. కోర్టు ఎదురుగా జెరాక్స్ మిషను పక్కన బల్ల వేసుకుని, 'వకీలు అక్కర్లేదు, విడాకులు చాలా సులువు' అని అట్టముక్క తగిలించుకున్న పెద్దమనిషి ఆయన. ఒకప్పుడు ఇదే కోర్టులో గుమాస్తా. ఫైళ్ళలో కాగితాలు మార్చినందుకు ఇంటికి పంపించారు. పంపించడానికి కారణమైన సాక్ష్యం స్టెనోగారిదే.

"వకీలుని ఎందుకు పెట్టుకోలేదు?"

"ఇద్దరం ఒప్పుకున్నాక గొడవేముంది, వకీలెందుకన్నారు మా ఆయన. నిజమే కదా అనిపించింది."

"మీ ఆయనకి అన్నదమ్ములున్నారా? ఈ పంతం వెనక ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరండీ. ఒక్కడే కొడుకు. ఆయన పంతానికి ఇంకొకళ్ళ సాయం అక్కర్లేదు. నా పనిముట్ల పెట్టె రెండుసార్లు వీధిలోకి విసిరేశాడు. నట్లూ స్క్రూలూ మోకాళ్ళమీద కూర్చుని ఏరుకున్నాను."

"రెండుసార్లూ మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళింది." అక్క మొదటిసారి నోరు విప్పింది. గొంతులో ఆనాటి కోపం ఇంకా అలాగే ఉంది.

చెల్లెలు తలవంచుకుంది. పద్నాలుగో తారీకున తాను కొట్లోనే ఉన్నానని చెప్పి సంచిలోంచి ఓ పుస్తకం తీసింది. బాగుచేసిన వాచీలు రోజుకి ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతున్నాయో రాసుకునే పుస్తకం. ఆ రోజు పదకొండుంపావుకి ఓ చేతి వాచీ నాలుగు సెకన్లు ముందుందని అందులో రాసి ఉంది.

"ముచ్చటగా ఉంది గానీ పనికిరాదు. నువ్వు రాసుకున్న పుస్తకం నీకే సాక్ష్యం ఎలా అవుతుంది?" అంది స్టెనోగారు. "పోనీ, నీ గుర్తింపు కార్డు ఎవరి దగ్గరుంటుంది?"

"అక్క దగ్గర. మా కాగితాలన్నీ అక్కే దాస్తుంది, నేను పారేసుకుంటానని."

"బీరువాలోనే ఉంది, తాళం కూడా వేసే ఉంది" అంది అక్క. ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. చెయ్యి బారుగా చాచి, కళ్ళు చిట్లించి చూసి, "ఎవరే ఇది, చూడు" అని చెల్లెలికిచ్చింది. చెల్లెలు కళ్ళద్దాలు నుదుటిమీదకి నెట్టుకుని, ఫోన్ ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి చూసింది. "నర్సరీ నుంచే అక్కా. మొక్కల లారీ వచ్చిందట."

"రానీ, నేనెక్కడికీ వెళ్ళను" అంది అక్క.

స్టెనోగారు లేచింది. మధ్యాహ్నం రెండున్నరకి జడ్జిగారు మళ్ళీ బెంచెక్కుతారు. ఆలోగా డిక్రీని ఆపడానికి ఏదో ఒక ఆధారం దొరకాలి. దొరక్కపోతే నాలుగింటికి ఆ తండ్రి బడి గేటు దగ్గర దర్జాగా నిలబడతాడు, చట్టం కూడా అతని పక్కనే నిలబడుతుంది.

"పాపని ఇవాళ్టికి ఎక్కడైనా దాచేద్దామా?" అని చెల్లెలు గొణిగింది.

"ఆ పని మాత్రం చెయ్యకు. డిక్రీ ఉండగా పిల్లని దాచావంటే తప్పంతా నీ నెత్తిమీదకొస్తుంది" అంది ప్లీడరమ్మ. "పాప బడిలోనే ఉండాలి. మనమే పరిగెత్తాలి."

* * *

స్టెనోగారు కోర్టు హాల్లో అడుగుపెట్టేసరికి పదకొండూ యాభై. జడ్జిగారు లోపలి గదిలో ఓ జంటకి నచ్చజెబుతున్నారు. హాలు ఖాళీగా ఉంది. బెంచి గుమాస్తా ఒక్కడే ఫైళ్ళకి దారాలు కడుతున్నాడు.

ఆవిడ ముందుగా హాలు కొలిచింది. తలుపు నుంచి బోనుకి పద్నాలుగు అడుగులు. బోను నుంచి జడ్జిగారి కుర్చీకి పది. బోను వెనక కిటికీ. పదకొండూ ఇరవైకి ఎండ ఆ కిటికీలోంచే వస్తుంది, జడ్జిగారి కళ్ళలో పడుతుంది. అంటే బోనులో నిలబడ్డ మనిషి మొహం ఆయనకి నీడలో ఉంటుంది. ఇరవై ఆరేళ్ళు ఇక్కడే కూర్చున్నా ఈ సంగతి ఎప్పుడూ గమనించలేదే అని తనమీద తనకే చిరాకేసింది.

"పద్నాలుగో తారీకు, రెండో విడత విడాకులు. గడియారాలమ్మాయి కేసు. గుర్తుందా?"

"రోజుకి పదిహేను చూస్తాను స్టెనోగారూ. మొహాలు గుర్తుంటే నా బుర్ర ఏం కావాలి?"

"మొహం వదిలెయ్. ఇద్దరి తరఫునా వకీళ్ళు లేరు కదా, మనుషుల్ని ఎలా గుర్తుపట్టారు?"

"కార్డు నకలు చూశాం. దాంట్లో ఫోటో నల్లగా అలుక్కుపోయి ఉంటుంది, మీకు తెలీనిదేముంది. మీ భార్యేనా అని జడ్జిగారు ఆయన్ని అడిగారు. అవునన్నాడు. మీ భర్తేనా అని ఆవిణ్ణడిగారు. తలూపింది."

స్టెనోగారు పెన్సిలు ఆపింది. మామూలుగా అయితే ఇక్కడో వకీలు నిలబడుంటుంది. 'ఈమె నా క్లయింటండీ' అంటుంది. ఆ ఒక్క మాట తాను వేల సార్లు రాసింది, అదేమంత మాటలే అన్నట్టు రాసింది. మనిషిని ముందునుంచీ ఎరిగినవాళ్ళు ఒకరు పక్కనుండటం అంటే ఏమిటో, ఆ మాట లేని రోజున గానీ అర్థం కాలేదు. గడియారాలమ్మాయి మొహం ఎరిగినవాడు ఆ రోజు హాల్లో ఒక్కడే, ఆవిడ మొగుడు. అతనే అబద్ధమాడాడు.

"కాగితం చదివే సంతకం పెట్టిందా?"

"చదివిందండోయ్! ఆ కేసా? ఆగండాగండి." గుమాస్తా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏదైనా గుర్తు తెచ్చుకోవాలంటే అతనికి అదే పద్ధతి. "ఇప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ కాగితం ఇంత దూరం పట్టుకుని తంటాలు పడుతుంటే నా కళ్ళద్దాలిచ్చాను. అందరికీ ఇస్తూనే ఉంటాను, వీటికి పెళ్ళయ్యింది నాతో కాదు, కోర్టుతో. మొదటి పేజీ చదివి, రెండు పేజీల్లోనూ సంతకం పెట్టి, నా అద్దాలు పెట్టుకునే వెళ్ళిపోయింది."

"మరి తిరిగెలా వచ్చాయి?"

"నేనటు తిరిగి ఫైలు బీరువాలో పెడుతున్నా. వరండాలోంచి ఎవరో మగగొంతు, 'వదినా, కళ్ళద్దాలు' అని పిలిచింది. ఇటు తిరిగేసరికి అద్దాలు బల్లమీదున్నాయి. ఎవరో బంధువు కూడా వచ్చాడు కాబోలనుకున్నా."

"అవి ఒకసారి ఇలా ఇవ్వు."

స్టెనోగారు పెట్టుకుని చూసింది. దగ్గరి అక్షరాలు పెద్దవయ్యాయి. గోడమీది కేలెండరు మసకబారింది. నలభై దాటినవాళ్ళకి చదువుకోవడానికిచ్చే అద్దాలు. ముప్ఫై రెండేళ్ళ గడియారాలమ్మాయికి దగ్గర చూపు ఎంత పదునంటే, చదవాలంటే ఉన్న అద్దాలే తీసేస్తుంది.

ఆవిడ నోటుపుస్తకంలో రెండే మాటలు రాసుకుంది. మొదటిది కళ్ళద్దాలు. రెండో మాట కింద గీత గీసింది. వదిన. ఆ అమ్మాయిని వదినా అని పిలవడానికి మరిది లేడు. మొగుడు ఒక్కడే కొడుకు. ఇక ఆ మొగుడు ఎవర్ని వదినా అంటాడు?

ఆధారం దొరికితే ఒంట్లోకి హుషారు రావాలి. స్టెనోగారు మాత్రం ఒక్కో మెట్టే దిగుతూ బయటికొచ్చింది.

* * *

పన్నెండూ నలభైకి సులువుగారు తన బల్ల దగ్గర ఎవరో ముసలాయనకి ఫారాలు నింపుతున్నాడు. స్టెనోగారిని చూసి నవ్వు మొహం పెట్టాడు గానీ కళ్ళు నవ్వలేదు.

"రండి రండి. మీక్కూడా విడాకులు కావాలా? చాలా సులువు."

"నాకు మాటలు చాలయ్యా. పద్నాలుగో తారీకు గడియారాలమ్మాయి కాగితాలు తయారుచేసింది నువ్వేనా?"

"ఫారాలు నింపాను. నేరమా? మీ వకీళ్ళలా నెలల తరబడి తిప్పను. జనం నా దగ్గరికొచ్చేది అందుకే. మీకు కడుపుమంట అందుకే."

"మొదటి విడత కాగితంలో పాప తల్లి దగ్గర. రెండో విడత కాగితంలో తండ్రి దగ్గర. ఆర్నెల్లలో పాప చేతులు మారింది. ఎవరు మార్చమన్నారు?"

"వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. నాకేం తెలుసు? నేను ఆ రోజు కోర్టు మెట్లే ఎక్కలేదు."

"అలాగా. అయితే ఆ అమ్మాయి చదవకుండా సంతకం పెట్టి ఉంటుందిలే. పాపం, తెలీక."

"చదవకపోవడమేంటి?" సులువుగారు బల్లమీద చెయ్యేసి కొట్టాడు. "కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదివింది! ఆ చివర్న నిలబడి..."

ఆగిపోయాడు. స్టెనోగారు తాపీగా ఆ ముక్క రాసుకుని, టైము వేసుకుంది.

"మెట్లెక్కని మనిషికి చూపు బాగానే ఆనిందే! ఇంకోటి. ఆ అమ్మాయి చదివేటప్పుడు అద్దాలు పెట్టుకోదయ్యా, తీసేస్తుంది. ఏడు నెలల కిందట నీ బల్ల దగ్గర కూర్చుని నీ ఫారాలు చదివింది కదా. ఎదుటి మనిషిని ఒక్కసారైనా సరిగ్గా చూసి ఉంటే నీకే తెలిసేది."

సులువుగారి మొహం పాలిపోయింది. ముసలాయన చడీచప్పుడు లేకుండా తన ఫారం మడిచి జేబులో పెట్టుకుని లేచిపోయాడు. సులువుగారు ముందుకి వంగి గొంతు తగ్గించాడు.

"తవ్వండి స్టెనోగారూ, బాగా తవ్వండి. నేను సంతకం పెట్టలేదు, బోనెక్కలేదు. పెట్టినవాళ్ళే జైలుకెళ్తారు. ఆ పెట్టింది ఎవరో బయటపడ్డాక మీ గడియారాలమ్మాయే వచ్చి, ఈ కేసు వద్దని మీ కాళ్ళు పట్టుకుంటుంది. అప్పుడు చూద్దాం."

స్టెనోగారు నోటుపుస్తకం మూసేసింది. దారి పొడుగునా ఆవిడ కూడా అదే ఆలోచిస్తూ వచ్చింది.

* * *

ఒంటిగంటా ఇరవైకి ఆఫీసు బల్ల దగ్గర అక్క ఒక్కతే ఉంది. కొట్టుకి తాళం వేసి రావడానికి చెల్లెలు బజారుకెళ్ళింది. ప్లీడరమ్మ ఓ మూల టైపు చేస్తోంది. స్టెనోగారు తన సొంత కళ్ళద్దాలు తీసి, డిక్రీ రెండో పేజీతో కలిపి అక్క ముందు పెట్టింది.

"ఇవి పెట్టుకుని చదువమ్మా. ఆ రోజు మొదటి పేజీయే చదివావట కదా."

అక్క అద్దాల్ని ముట్టుకోలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం వాటంతటవే కారాయి.

"పొద్దుట్నుంచీ చెబుదామనే కూర్చున్నానండీ. నోరు పెగల్లేదు."

"ఎందుకు చేశావు?"

"అమ్మ పోయినప్పుడు దానికి ఆరేళ్ళు. బడి కాగితాలు, మార్కుల పుస్తకాలు, ఉద్యోగం అప్లికేషను, అన్నిటికీ నేనే సంతకం. అది గీసినట్టే గీస్తాను, దానికే తేడా తెలీదు. ఆ సులువుగారొచ్చి, ఇద్దరూ ఎలాగూ ఒప్పుకున్నారు కదా, ఇంకో హాజరు మిగిలింది, ఊరికే వేసుకోవడమే అన్నాడు. చెల్లెల్ని తీసుకొస్తే అక్కడ ఆయన మొహం చూసి మనసు కరిగిపోతుంది, మళ్ళీ ఆ ఇంటికే పోతుంది, మీ ఇష్టం అన్నాడు. అది నిజంగానే పోతుందండీ. రెండుసార్లు పోయింది. మూడోసారి ఆ పెట్టె బదులు దాన్నే విసిరేస్తాడేమోనని..." ఆవిడ చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "పాత కాగితమే అన్నాడు. మొదటి పేజీ అంతా అదే. వెనక నలుగురు ఎదురుచూస్తున్నారు, అద్దాలు నావి కావు. రెండోది చదవలేదు. నా చేత్తో నేనే దాని బిడ్డని రాసిచ్చేశాను."

టైపు చప్పుడు ఆగింది. ప్లీడరమ్మ అంతా విన్నది.

"చాలు!" అంది స్టెనోగారు. "ఇదే కాగితం మీద పెట్టి, ఓ సంతకం చేయిస్తే అయిపోతుంది. ఒకటీ నలభై అయ్యింది. రెండున్నరకి జడ్జిగారి ముందుంటాం."

"ఆవిడ చేత నేను సంతకం చేయించను" అంది ప్లీడరమ్మ.

"అదేంటమ్మా? టైము చూశావా?"

"చూశాను. నేను చెల్లెలి వకీలుని. ఈవిడ సంతకం పెడితే చెల్లెలికి లాభం, ఈవిడకి జైలు. అలాంటప్పుడు పెట్టు అని చెప్పే హక్కు నాకు లేదు. ఈవిడకి వేరే వకీలు కావాలి. ఈవిడ తరఫున మాత్రమే ఆలోచించే మనిషి."

"బిడ్డ పోతోంది! ఒక్క సంతకమే కదా!"

"స్టెనోగారూ," ప్లీడరమ్మ గొంతు పెంచలేదు, "ఒక్క సంతకమే కదా అని ఈవిడతో ఇంతకుముందు ఎవరన్నారు?"

స్టెనోగారు పెన్సిలు కింద పెట్టింది. సులువుగారి మాట తన నోట్లోంచి వచ్చినందుకు సిగ్గేసింది. కాస్త కోపం కూడా వచ్చింది. న్యాయంగా నడవడానికి ఇంత టైము పడుతుందేమిటని.

పక్క గదిలోని పెద్ద వకీలు తింటున్న అన్నం మధ్యలో వదిలేసి, చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. అక్కని తన గదిలోకి తీసుకెళ్ళి తలుపేశాడు. ఒకటీ యాభై రెండు. స్టెనోగారు వరండాలో బెంచీమీద కూర్చుని ఆ తలుపునే చూస్తూ నిమిషాలు రాసుకుంది. రెండూ అయిదు. రెండూ పదిహేను.

రెండూ ఇరవైకి మెట్లెక్కి వచ్చింది చెల్లెలు. ఆవిడకి చెప్పాల్సిన బాధ్యత ప్లీడరమ్మది. చెప్పింది. నీళ్ళు కలపకుండా, అక్షరం దాచకుండా చెప్పింది. కేసు వద్దనుకునే హక్కు కూడా నీకుందని చివర్న కలిపింది.

చెల్లెలు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"నేను మళ్ళీ ఆయన దగ్గరికి పోతాననుకుందా అక్క?"

ప్లీడరమ్మ మంచినీళ్ళు అందించింది. చెల్లెలు అందుకోలేదు.

"నన్ను అడగొచ్చు కదా. ఒక్కసారి నన్ను అడిగుండొచ్చు కదా."

తలుపు తెరుచుకుంది. పెద్ద వకీలు బయటికొచ్చి గొంతు సవరించుకున్నాడు. "నా క్లయింటు ఏ కాగితం మీదా సంతకం పెట్టదు."

స్టెనోగారు తల తిప్పి చూసింది. గోడ గడియారం రెండూ ఇరవై అయిదు చూపిస్తోంది.

"కాగితం మీద పెడితే రేపు ఇంకెవరో ఇంకోలా చదువుతారు. బోనెక్కి, తన నోటితో, జడ్జిగారి మొహం చూస్తూ చెబుతానంటోంది. ఏం జరగొచ్చో అంతా చెప్పాను. కేసు పెట్టొచ్చు, శిక్ష పడొచ్చు. తనంతట తాను వచ్చి చెప్పింది కాబట్టి నేను గట్టిగా వాదించుకుంటాను. వద్దనే చెప్పాను కూడా. వినడం లేదు."

ఆయన వెనక అక్క నిలబడి ఉంది. చెల్లెలివైపు చూసింది. చెల్లెలు తల పక్కకి తిప్పుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

* * *

కేసు పిలిచేసరికి మూడూ ఎనిమిది. సులువుగారు వెనక బెంచీలో కూర్చున్నాడు. స్టెనోగారిని చూసి, ఆగి చూడమన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. చెల్లెలు కేసు ఆపమని అనలేదు గానీ, ప్లీడరమ్మకి కూడా దూరంగా, కిటికీ పక్కన ఒంటరిగా కూర్చుంది. ఆవిడ మనసులో ఏముందో స్టెనోగారికి అంతుచిక్కలేదు. ఒక్క మాటతో అక్కని కాపాడుకోవచ్చు. నేనే వచ్చాను, నేనే సంతకం పెట్టాను అంటే చాలు. బిడ్డ పోతుంది, అక్క మిగులుతుంది.

అక్క బోనెక్కింది. చెయ్యవలసిన ప్రమాణం రాసున్న కార్డు అందుకుని, అలవాటు చొప్పున చెయ్యి బారుగా చాచింది. బెంచి గుమాస్తా తన అలవాటు చొప్పున కళ్ళద్దాలు తీసి ఇవ్వబోయాడు. ఇవ్వబోతూ ఆవిడ మొహంలోకి చూశాడు. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అయ్యా," అన్నాడు జడ్జిగారితో. "ఈవిడ ఇంతకుముందు ఈ బోనెక్కిందండీ."

వెనక బెంచీ కిర్రుమంది. స్టెనోగారు తల తిప్పి చూసేసరికి సులువుగారు తలుపు దగ్గరికి చేరాడు. అక్కడ జవాను అడ్డంగా నిలబడ్డాడు.

అక్క ఆ అద్దాలు అందుకుని, ప్రమాణం చదివి, అంతా చెప్పింది. తారీకు చెప్పింది, టైము చెప్పింది, పక్కన నిలబడి అవునన్నది ఎవరో చెప్పింది. రెండో పేజీ చదవలేదని చెప్పినప్పుడు మాత్రం జడ్జిగారి మొహం చూడలేకపోయింది. జడ్జిగారు పెన్ను కింద పెట్టారు. ఒకసారి ఇదే హాల్లో మోసపోయిన మనిషి ఆయన. మళ్ళీ మోసపోదల్చుకోలేదు.

"ఆ రోజు నువ్వు ఈ అమ్మాయివన్నావు. ఇవాళ ఈ అమ్మాయి అక్కనంటున్నావు. ఏది నమ్మాలి? నువ్వెవరివో తెలిసినవాళ్ళు ఈ హాల్లో ఎవరున్నారు?"

పెద్ద వకీలు లేవబోయాడు. అంతకుముందే కిటికీ పక్కన కుర్చీ కదిలింది. చెల్లెలు నడిచొచ్చి బోను పక్కన, వకీళ్ళు నిలబడే చోట నిలబడింది. కళ్ళద్దాలు నుదుటిమీదకి నెట్టుకుని, అక్క మొహాన్ని దగ్గరగా చూసింది.

"నాకు తెలుసండీ," అంది. "ఈవిడ మా అక్క. ఆరేళ్ళప్పట్నుంచీ నన్ను పెంచింది ఈవిడే. పద్నాలుగో తారీకు ఇక్కడ నిలబడింది కూడా ఈవిడే. నేను కాదు."

అక్క బోను కొయ్య పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చెల్లెలు ఆ చేతిమీద చెయ్యేసింది గానీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

జడ్జిగారు గోడ గడియారం వైపు చూశారు. మూడూ ముప్ఫై రెండు.

"ముందు ఆ బడికి ఫోన్ చెయ్యండి," అన్నారు గుమాస్తాతో. "పాపని తల్లికి తప్ప ఎవరికీ అప్పగించొద్దని చెప్పండి. ఆర్డరు వెనకాలే వస్తుందనండి."

గుమాస్తా ఫోన్ అందుకుని, నంబరు కనపడక, కళ్ళద్దాల కోసం బల్లంతా తడుముకున్నాడు. అవి అక్క చేతిలో ఉన్నాయి.